కనుగూటిలో శల్యం – శస్త్రచికిత్స

(తృతీయ బి.యస్సి., బి.జడ్.సి. విద్యార్థి, వాకాడు)

సర్వేంద్రియాలలోనూ నయనమే ప్రధానమని మన పెద్దలు ఊరకే అనలేదు. అయితే కన్ను గురించి వ్యాసం రాయమంటే మనం సాధారణంగా శుక్లాల గురించో, కళ్లజోళ్ల గురించో, నేత్రదానం గురించో రాస్తాం. అవన్నీ రాయవలసినవే. ఈ సంచికకు నేను ఎంచుకున్నది కొంచెం వేరే విషయం. కనుగుడ్డులోకి కాకుండా, ఆ గుడ్డు కూర్చునే గూటిలోకి పుల్లో, ముల్లో, గాజుపెంకో, ఇనుపముక్కో దూరి అక్కడే ఉండిపోతే ఏమవుతుంది? దాన్ని వైద్యులు ఎట్లా కనిపెడతారు, ఎట్లా తీస్తారు? ఎప్పుడు తీయకుండా వదిలేస్తారు?

ఈ విషయాన్ని నేను పుస్తకం తిరగేసి ఎంచుకోలేదు. మా ఇంట్లోనే జరిగింది. అందులో నా తప్పు కూడా ఉంది. అందుచేత ముందు అది చెప్పి, తర్వాత శాస్త్రంలోకి వస్తాను.

సర్వి తోటలో జరిగింది

మాది వాకాడు. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు మా మండలం తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ, మేమింకా నెల్లూరోళ్లమనే చెప్పుకుంటాం. స్వర్ణముఖి కింద కొంచెం వరి, సముద్రం వైపు ఇసుకనేలలో రెండెకరాల సర్వి తోట, ఇదే మా సేద్యం. పుస్తకాల్లో సరుగుడు అని రాసేదాన్నే మేము సర్వి అంటాం.

2024 జనవరిలో, సంక్రాంతి వెళ్లిన వారానికి తోట కొట్టించాం. నేనప్పుడు ప్రథమ బి.యస్సి. సెలవులకు ఇంట్లోనే ఉన్నాను. మా చిన్నాయన పడిన చెట్ల కొమ్మలు నరుకుతూ, వంగి ఒక మోపు లేవనెత్తబోయి ముందుకు తూలాడు. ఎండుకొమ్మ మొన ఒకటి కుడికన్ను పైరెప్పలో, ముక్కు వైపు మూలన దిగింది. పెన్సిలు లావు పుల్ల. రక్తం పెద్దగా లేదు. చిన్నాయన చేత్తో పట్టుకుని, "నువ్వు చూసి లాగరా అబ్బయ్యా, సైన్సు చదివేటోడివి గదా" అన్నాడు.

నేను లాగాను. వచ్చేసింది. అందరం అమ్మయ్య అనుకున్నాం. ఆ పుల్లను అక్కడే పారేశాను. దాని కొన మొనదేలి ఉందా, విరిగి ఉందా అని చూడాలన్న జ్ఞానం నాకు లేకపోయింది.

ఊళ్లో సూదిమందు వేసే ఆయన గాయం కడిగి, చుక్కలమందు ఇచ్చాడు. నాలుగు రోజుల్లో గాయం పూడింది. చూపు బాగానే ఉంది. రెండో వారంలో రెప్ప వాచింది. మాత్రలు మింగితే తగ్గింది, ఆపితే మళ్లీ వచ్చింది. మూడోసారి పూడిన గాయం చోటనే చిన్న రంధ్రం పడి చీము కారసాగింది. ఎక్స్‌రే తీయిస్తే ఏమీ లేదన్నారు. ఏమీ లేదన్న మాట పట్టుకుని ఇంకో నెల గడిపాం. అప్పటికి కుడికన్ను ఎడమదానికంటే కొంచెం కిందికీ పక్కకీ జరిగినట్టు కనపడేది. చిన్నాయనకు ఒక్కో మనిషి ఇద్దరుగా కనబడడం మొదలైంది. అప్పుడు భయపడి చెన్నైకి తీసుకుపోయాం. కన్ను గూటిలో ఇంకా ఇరవై నాలుగు మిల్లీమీటర్ల పుల్లముక్క ఉందని తేలింది. నేను లాగింది మిగతా ముక్క అన్నమాట.

కనుగూడు నిర్మాణం

ఆ పదిరోజులూ ఆసుపత్రి వరండాలో కూర్చుని నేను డాక్టర్లను అడిగి తెలుసుకున్నదీ, తర్వాత చదివి సరిచూసుకున్నదీ ఇక్కడ రాస్తున్నాను.

కన్ను కూర్చునే ఎముకల గూటిని వైద్యులు ఆర్బిట్ అంటారు. వెడల్పు ముందుకు, మొన వెనక్కు ఉండేలా పడుకోబెట్టిన గోపురంలా దాని ఆకారం ఉంటుంది. ఏడు ఎముకలు కలిసి దీన్ని కడతాయి. దాదాపు నాలుగున్నర సెంటీమీటర్ల లోతు, ముప్ఫై మిల్లీలీటర్ల ఘనపరిమాణం. అంటే టీ కొట్టు గ్లాసులో మూడోవంతు కూడా ఉండదు. అందులో కనుగుడ్డు ఆక్రమించేది ఏడు మిల్లీలీటర్లు మాత్రమే. మిగతా చోటంతా కన్నును తిప్పే ఆరు కండరాలు, నరాలు, రక్తనాళాలు, వీటన్నిటికీ మెత్తలాగా కొవ్వు. ఈ కొవ్వులోనే పుల్ల దాక్కుంటుంది. చీమ దూరిన పుట్టలాగా బయటకు ఏమీ కనపడదు.

గోడల సంగతి ముఖ్యం. బయటి గోడ గట్టిది. పైకప్పు పల్చటిది, దాని మీదే మెదడు ముందుభాగం ఆనుకుని ఉంటుంది. కింది గోడ కింద పైదవడ ఎముకలోని గాలిగది ఉంటుంది. ముక్కు వైపు గోడ మరీ పల్చన, అర మిల్లీమీటరు కూడా ఉండదు. శరీరశాస్త్రంలో దానికి కాగితపు పలక అనే అర్థం వచ్చే లాటిన్ పేరే ఉంది. కాబట్టి రెప్ప దగ్గర కనపడే చిన్న గాయం మెదడు దాకా పోయిన దారికి మొదటి మెట్టు కావచ్చు. గాయం సైజు చూసి లోపలి సంగతి అంచనా కట్టకూడదన్నది ఈ వైద్యంలో మొదటి పాఠం.

ఇంత ఇరుకు గూట్లో కన్ను తరచుగా ఎట్లా బతికి బయటపడుతుందన్న సందేహం రావచ్చు. మొన వచ్చినప్పుడు గుండ్రటి కనుగుడ్డు కొవ్వులో జారి పక్కకు తప్పుకుంటుంది. కనుగుడ్డు వెనకనుంచి ఎముకరంధ్రం దాకా ఉన్న దూరం కంటే దృష్టినాడి పొడవు ఎక్కువ. వదులుగా వంపు తిరిగి ఉంటుంది గనుక కన్ను జరిగినా నాడి తెగదు. మా చిన్నాయనకు చూపు నిలిచింది ఈ కారణంగానే.

ఏ శల్యం ఎటువంటిది?

శల్యం అంటే ఒంట్లో దూరి బాధించే పరాయివస్తువు. మన ప్రాచీనులకు ఇది కొత్త విషయం కాదు. ఆయుర్వేదంలో శస్త్రచికిత్సా విభాగానికి శల్యతంత్రమనే పేరు. సుశ్రుత సంహితలో కనపడకుండా పోయిన శల్యాన్ని ఎట్లా గుర్తించాలో ఒక అధ్యాయం, ఎట్లా తీయాలో మరొక అధ్యాయం ఉన్నాయి. గడ్డకట్టిన నేతిని పూస్తే అది కరిగినచోట, చందనం పూస్తే త్వరగా ఆరినచోట శల్యం ఉందని అనుమానించమన్నారు. శల్యం చుట్టూ వేడి పుడుతుందన్న పరిశీలన అందులో ఉంది. ఇనుప శల్యానికి అయస్కాంతం వాడమని కూడా చెప్పారు. ఐరోపాలో 19వ శతాబ్దం చివర కంటివైద్యులు కనుగుడ్డులోని ఇనుపరజను తీయడానికి పెద్ద పెద్ద విద్యుదయస్కాంతాలు తయారుచేసుకున్నారు.

నేటి వైద్యులు శల్యాలను మూడు తరగతులు చేస్తారు.

మొదటిది లోహం. సీసపు గుండు, ఉక్కుముక్క కొవ్వులో చాలాకాలం ఊరకే పడి ఉండగలవు. రాగి మాత్రం చుట్టూ తీవ్రమైన వాపు, చీము పుట్టిస్తుంది. ఇనుము కనుగుడ్డు లోపల ఉంటే తుప్పు కరిగి కంటిపొరను చంపుతుంది. అదే ఇనుము కనుగుడ్డు బయట, గూటిలో ఉంటే అంత ప్రమాదం లేదు. ఒకే వస్తువు రెండు అంగుళాల తేడాలో రెండు రకాలుగా ప్రవర్తిస్తుంది.

రెండోది గాజు, రాయి, ప్లాస్టిక్ వంటివి. ఇవి శరీరంతో పెద్దగా కలహించవు.

మూడోది కట్టె, ముల్లు, వెదురు, గడ్డిపరక. పల్లెటూరి వాళ్లకు ఎక్కువగా ఎదురయ్యేవీ, అన్నిటికంటే చెడ్డవీ ఇవే. వృక్షశాస్త్రం చదివే మనకు కారణం సులభంగానే బోధపడాలి. ప్రాక్టికల్ క్లాసులో కాండాన్ని అడ్డుకోత కోసి సాఫ్రనిన్ వేసి చూసే ఎర్రటి దారునాళాలు గుర్తున్నాయి గదా! చెట్టులో నీరు మోసిన ఆ గొట్టాలే పుల్లలో బాక్టీరియాకు, బూజుకు ఇళ్లవుతాయి. పుల్లకు రక్తప్రసారం లేదు. మాత్రలో మందు రక్తంలో పోగలదు గానీ ఆ గొట్టాల్లోకి తగినంతగా చేరలేదు. అందుకే మందు వాడినన్నాళ్లు చుట్టూ ఉన్న చీము తగ్గుతుంది, ఆపగానే గొట్టాల్లోంచి మళ్లీ బయలుదేరుతుంది. శరీరం తనంతట తాను పుల్లను వెళ్లగొట్టాలని చర్మం దాకా ఒక సొరంగం తవ్వుకుంటుంది. మా చిన్నాయన రెప్ప మీద పడిన రంధ్రం అదే. గాయం మాని, మళ్లీ మళ్లీ కారుతుంటే లోపల ఏదో ఉందని శరీరం చెబుతున్నట్టే. మాకు ఆ భాష తెలియలేదు.

కనిపెట్టడం

డాక్టరు మొదట చూసేది పుల్లను కాదు, చూపును. రెండు కళ్లూ వేరువేరుగా ఎంతవరకు కనపడుతున్నాయో రాసుకుంటారు. తర్వాత టార్చిలైటు ఒక కంటినుంచి మరో కంటికి మార్చి మార్చి వేస్తారు. మామూలుగా లైటు పడ్డ కంటిపాప కుంచించుకోవాలి. లైటు మారినప్పుడు కుంచించుకోవలసిన పాప విప్పారితే ఆ వైపు దృష్టినాడి దెబ్బతిన్నదన్నమాట. పదిరూపాయల టార్చి చెప్పే ఈ సంగతి ఒక్కోసారి లక్షల యంత్రం కూడా చెప్పలేదు. ఆ తర్వాత కనుగుడ్డు చిట్లిందా, కన్ను అన్ని దిక్కులకూ తిరుగుతోందా చూస్తారు. రెప్పగాయంలో పసుపుపచ్చ కొవ్వు తొంగిచూస్తే అది మరీ ముఖ్యం. రెప్ప చర్మం కింద కొవ్వు ఉండదు. కొవ్వు కనపడిందంటే రెప్ప వెనక ఉండే అడ్డుపొర చిరిగి, గూటిలోకి దారిపడిందని అర్థం.

ఇక చిత్రాల విషయం. 1895లో రాంట్‌జెన్ ఎక్స్‌కిరణాలను కనుగొన్నాడు. లోహం ఎక్స్‌రేలో చక్కగా కనపడుతుంది, కట్టె కనపడదు. ఎక్స్‌రేలో ఏమీ లేదంటే లోహం లేదని అర్థమే తప్ప పుల్ల లేదని కాదు. మేము మోసపోయింది ఇక్కడే.

1971 అక్టోబరు 1న లండన్‌లో ఒక రోగి తలకు మొదటిసారి సి.టి. స్కాన్ తీశారు. దాన్ని కనిపెట్టిన హౌన్స్‌ఫీల్డ్ అనే ఇంజనీరుకు, అంతకుముందే దానికి కావలసిన గణితం రాసిన కార్మాక్ అనే భౌతికశాస్త్రజ్ఞుడికి 1979లో నోబెల్ బహుమతి వచ్చింది. సి.టి.లో ప్రతి పదార్థానికీ ఒక అంకె ఉంటుంది. నీటికి సున్న, గాలికి మైనస్ 1000, కొవ్వుకు మైనస్ 100 ప్రాంతం, ఎముకకు వందల్లో ప్లస్. ఎండుపుల్ల నిండా గాలి ఉంటుంది గనుక కొత్తలో అది సి.టి.లో గాలిలాగే నల్లగా కనపడి, గాయంలోంచి దూరిన గాలేమో అనిపిస్తుంది. అయితే గాలికి ఆకారం ఉండదు, బుడగలుగా ఉంటుంది. తిన్నటి గీతలాగా, అంచులు చెక్కినట్టుగా ఉంటే అనుమానించాలి. వారాలు గడిచేకొద్దీ పుల్ల తడి పీల్చుకుంటుంది. అప్పుడు దాని అంకె పెరిగి చుట్టూ ఉన్న కండలో కలిసిపోతుంది. అందుకే ఒక మిల్లీమీటరు మందంలో సన్నటి కోతలుగా స్కాన్ తీయమంటారు. "కట్టెతో గుచ్చుకుంది" అని మనం ముందే చెబితే చూసేవాళ్లు ఆ దృష్టితో చూస్తారు.

ఎం.ఆర్.ఐ. కట్టెను బాగా చూపిస్తుంది. కానీ అది బ్రహ్మాండమైన అయస్కాంతం. గూటిలో ఇనుముంటే అది కదిలి కన్నును, నాడిని కోసేయగలదు. కాబట్టి ముందు సి.టి. తీసి ఇనుము లేదని రూఢి చేసుకున్నాకే ఎం.ఆర్.ఐ. చిన్నాయనకు అదే వరసలో తీశారు.

తీయడం, తీయకపోవడం

అన్ని శల్యాలనూ తీయరు. ఇది నాకు ఆశ్చర్యం కలిగించింది. గూటి మొన దగ్గర సీసపు గుండో గాజుముక్కో ఉండి, చూపు బాగుండి, చీమూ నొప్పీ లేకపోతే దాన్ని అక్కడే వదిలేసి ఏళ్లతరబడి గమనిస్తూ ఉంటారు. ఆ కొనలో దృష్టినాడి, కన్ను తిప్పే నరాలు, రక్తనాళాలు అన్నీ ఇరుకున కట్టగట్టినట్టు ఉంటాయి. గుండు చేయని కీడు గుండును వెతికే చెయ్యి చేయవచ్చు. కట్టెకు మాత్రం ఈ మినహాయింపు లేదు. ఎక్కడున్నా తీసి తీరాలి. రాగి కూడా అందితే తీయవలసిందే. మొన వాడిగా ఉన్నవీ, నాడిని నొక్కుతున్నవీ, కన్ను తిరగనివ్వనివీ తీస్తారు.

దారి ఎంచుకోవడంలోనే సగం నేర్పు ఉంది. ముందుభాగంలో ఉంటే పాత గాయంలోంచో, పైరెప్ప మడతలోంచో కోస్తారు. మానాక మచ్చ మడతలో కలిసిపోతుంది. కిందివైపు ఉంటే కిందిరెప్ప లోపలి పొరలోంచి, ముక్కు వైపు ఉంటే కంటిమూల లోపలినుంచి వెళతారు. కనుగుడ్డు వెనక, బయటివైపు లోతులో ఉంటే బయటి గోడ ఎముకను కొంత కోసి పక్కనపెట్టి, పని అయ్యాక మళ్లీ బిగిస్తారు. స్విట్జర్లాండు శస్త్రవైద్యుడు క్రోన్‌లైన్ 1880ల చివర ఈ పద్ధతిని గూటిలోని గడ్డలు తీయడానికి వివరించాడు. మార్పులతో నేటికీ అదే దారి. పైకప్పు పగిలి మెదడు దాకా పోయినట్టయితే కంటివైద్యుడి పక్కన మెదడు శస్త్రవైద్యుడు కూడా ఉండాలి.

కనుగుడ్డు కూడా చిట్లి ఉంటే ముందు దాన్ని కుట్టి, తర్వాతే గూటి పని చూస్తారు. గూట్లో వెతికేటప్పుడు కన్ను మీద ఒత్తిడి పడి లోపలిది బయటికి వచ్చేస్తుంది మరి.

చిన్నాయనకు మత్తిచ్చి, చీము కారే సొరంగాన్నే దారిగా పట్టుకుని లోపలికి పోయారు. వంచితే వంగే పలుచటి లోహపు పలకలతో కొవ్వును పక్కకు ఒత్తి పట్టుకుంటారు. కొవ్వు మళ్లీ మళ్లీ జారిపడుతుంది. నానిన కట్టెను పట్టకారుతో గట్టిగా పట్టుకుంటే నలిగి పీచులైపోతుంది, ఒక్క పీచు మిగిలినా కథ మొదటికొస్తుంది. అందుచేత దాని పొడవు దిశలోనే, చుట్టూ ఉన్న పొరను విడదీసి, మెల్లగా జరపాలి. తీసిన ముక్క పొడవును స్కాన్‌లోని పొడవుతో పోల్చి చూస్తారు. చీమును పరీక్షకు పంపి, గూటిని కడిగి, సొరంగపు గోడను కూడా కోసి తీసేస్తారు. మధ్యమధ్య కంటిపాపను చూస్తూనే ఉంటారు, నాడి మీద ఒత్తిడి పడితే మొదట తెలిసేది అక్కడే. తర్వాత కూడా మొదటి రోజంతా గంటగంటకూ చూపు పరీక్షించారు. గూట్లో రక్తం చేరి బిగుసుకుంటే గంటన్నర, రెండు గంటల్లో చూపు శాశ్వతంగా పోవచ్చు. అలాంటప్పుడు స్కాన్‌కు కూడా ఆగకుండా బయటి కంటిమూల కోసి ఒత్తిడి వదులు చేస్తారు.

మనకు అందుబాటులో

కంటివైద్యంలో మన ప్రాంతానికి పాత చరిత్రే ఉంది. మద్రాసు ఎగ్మూరులోని కంటి ఆసుపత్రి 1819లో స్థాపించింది. నెల్లూరు జిల్లా రైతులు కంటిజబ్బుకు మద్రాసు రైలెక్కడం తాతలనాటి అలవాటు. అక్కడే 1978లో డాక్టర్ బద్రీనాథ్ శంకర నేత్రాలయ ప్రారంభించారు. హైదరాబాదులో సరోజినీదేవి ఆసుపత్రి ఉంది. కృష్ణా జిల్లావాడైన డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు అమెరికా నుంచి తిరిగివచ్చి 1987లో అదే నగరంలో ఎల్.వి. ప్రసాద్ నేత్రవిజ్ఞాన సంస్థను నెలకొల్పారు. సినిమా దర్శక నిర్మాత ఎల్.వి. ప్రసాద్ కుటుంబం భూమి, ధనం ఇచ్చింది. విశాఖలో, విజయవాడ దగ్గర దాని శాఖలున్నాయి. పల్లెల్లో చిన్న దృష్టికేంద్రాలు, వాటిపైన మెట్టుమెట్టుగా పెద్ద ఆసుపత్రులు ఉండాలన్నది ఆ సంస్థ పద్ధతి. 2019 నుంచి తిరుపతిలో అరవింద్ కంటి ఆసుపత్రి కూడా ఉంది. మాకు దారి లేక కాదు, తెలియక పది వారాలు పోయాయి.

గుచ్చుకుంటే ఏం చేయాలి?

1. గుచ్చుకున్నదాన్ని లాగకూడదు. అది విరగవచ్చు, అప్పటిదాకా అదే మూసిపెట్టిన రక్తనాళం తెరుచుకోవచ్చు.
2. కన్ను నలపకూడదు, గట్టిగా కట్టు కట్టకూడదు. కాగితపు కప్పు బోర్లించి, అది కంటికి గాని పుల్లకు గాని తగలకుండా పట్టీ అంటించాలి.
3. ఆకుపసరు, ఆముదం, చనుబాలు పోయకూడదు. మా అవ్వ పసరు తెచ్చింది, ఆమెను ఆపడానికే ఒక పూట పట్టింది.
4. ఆపరేషను పడవచ్చు గనుక తినడానికి ఏమీ పెట్టకుండా కంటి ఆసుపత్రికి తీసుకుపోవాలి. ధనుర్వాతం సూది మరవకూడదు.
5. అప్పటికే ఊడివస్తే ఆ ముక్కను పారేయకుండా వెంట తీసుకుపోవాలి. కొన విరిగిందో లేదో డాక్టరు దాన్ని చూసే చెప్పగలడు.

ముగింపు

చిన్నాయన చూపు దక్కింది. చీము మళ్లీ రాలేదు. కాని పది వారాల వాపులో కన్నును తిప్పే కండరం ఒకటి బిగుసుకుపోయింది. తలెత్తి పైకి చూస్తే ఆయనకు ఇప్పటికీ రెండు కనపడతాయి. తాటిచెట్టు మీద ఎన్ని గెలలున్నాయో లెక్కపెట్టాలంటే ఒక కన్ను మూసుకుంటాడు. ఆ ఏడు సర్వి కట్టె అమ్మిన సొమ్ము సర్విపుల్ల తీయించడానికే సరిపోయింది. నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు. "లాగమన్నది నేనే గదరా" అంటాడు.

అయినా నాకు తెలుసు. మనలో చాలామంది రైతుల పిల్లలమే. రేపు పట్టా పుచ్చుకుని ఊరికి పోతే, సైన్సు చదివినోడివి గదా అని పుల్లను మన చేతికే ఇస్తారు. ఆ క్షణంలో "నేను లాగను, పదండి ఆసుపత్రికి" అని చెప్పే ధైర్యం మనకు రావాలి. నాకు ఆ రోజు అది రాలేదు. ఈ వ్యాసం చదివినవారిలో ఒక్కరికైనా ఆ మాట సమయానికి గుర్తొస్తే నేను రాసినందుకు ఫలితం దక్కినట్టే.